కణచలనం - సంకేత ప్రోటీన్లు

క్యాన్సర్ కణం పుట్టినచోటు విడిచి రక్తనాళం దాకా పాకడానికి దారిచూపేవి సంకేత ప్రోటీన్లు. ర్యాక్ ప్రోటీన్ కణం ముందువైపు ఆక్టిన్ పోగులతో పలుచని పొరను చాపుతుంది. సీడీసీ42 ఫిలోపోడియా అనే సన్నని వేళ్లను పుట్టిస్తుంది. రో ప్రోటీన్ కణం వెనుకభాగాన్ని ముడిచి ముందుకు లాగుతుంది. జీటీపీ అనే చిన్న అణువు అంటుకుంటే ఈ మూడూ పనిచేస్తాయి, అది జీడీపీగా మారితే ఆగుతాయి.

ఇలాంటి సంకేతాలపై హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ)లోనూ పరిశోధన జరిగింది. అబ్ల్ కైనేజ్ అనే ఎంజైమ్ ఫిలోపోడియాను పుట్టించాలంటే సీ3జీ ప్రోటీన్ తప్పనిసరని అక్కడి వేగేశ్న రాధ, ఘనశ్యామ్ స్వరూప్ బృందం 2007లో చూపింది. తెలుగునేలపై ఈ రంగంలో జరిగిన కృషిలో ఇది ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. అబ్ల్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ 2001లో అమెరికాలో రక్తక్యాన్సర్ మందుగా అనుమతి పొందింది. అయితే క్యాన్సర్ కణాల వలసను ఆపడం వేరే సమస్య.