పాత వెండి నాణేలపై రంగుపొర

గాలిలోని గంధక వాయువుల వల్ల వెండి మీద ఏళ్ల తరబడి ఏర్పడే పలుచని సిల్వర్ సల్ఫైడ్ పొరను నాణేల సేకర్తలు 'టోనింగ్' అంటారు. సబ్బు బుడగ మీద మెరిసే రంగుల్లాగే ఇదీ పొర మందాన్ని బట్టి వెలుగు చేసే మాయ. పొర పెరిగేకొద్దీ ముందు లేత పసుపు, తర్వాత ఎరుపు కలిసిన ఊదా, ఆపైన నీలం. మరీ ముదిరితే నలుపు. పొర సహజమైనదో, ఎవరో చేసిందో తేల్చడానికి మొదటి ఆధారం ఈ వరసే.

ఉదాహరణకు తాపీ నది ఒడ్డున మొగలుల టంకశాల నడిచిన సూరత్‌ను చూడండి. మొగలు చక్రవర్తి షా ఆలం పేరిట ఈస్టిండియా కంపెనీ వేయించిన సూరత్ రూపాయలు ఇప్పటికీ సేకర్తల చేతికి వస్తాయి. కానీ ధన్‌తేరస్‌కు పాలతో కడిగిన, మన ఇళ్లలో చింతపండుతో తోమిన నాణేనికి పాత పొర నిలవడం అరుదు. అలాంటి అరిగిన రూపాయి ఇంద్రధనుస్సులా వెలిగిపోతుంటే అనుమానించాల్సిందే.

1862 నాటి విక్టోరియా రూపాయిని (11.66 గ్రాములు, 91.7 శాతం వెండి) దీపం కింద మెల్లగా వంచి చూడాలి. సహజ పొర కింద టంకశాలలో వచ్చిన మెరుపు కదులుతుంది. రంగులు అంచు నుంచి లోపలికి ఒకదానిలో ఒకటి కరుగుతాయి. గంధక రసాయనంతోనో వేడితోనో చేసినదైతే నీలం మచ్చలు ఉన్నట్టుండి తెగిపోతాయి, కొత్త గీతల్లోకీ రంగు దిగుతుంది. అసిటోన్‌లో ముంచితే లక్క, పెయింటు పోతాయి గానీ సల్ఫైడ్ పోదు. కాబట్టి ఆ పరీక్ష నెగ్గినంత మాత్రాన సహజమని కాదు.