నూనె కలిపిన పెట్రోలు, నాలుగు చక్రముల పందెము



పెట్రోలు బంకులలో ఒకప్పుడు నిత్యము కనబడిన దృశ్యమొకటి పెద్దలకు జ్ఞప్తియందుండును. రాజదూతో లూనాయో వచ్చి నిలిచినంతనే బంకు కుఱ్ఱవాడు చిన్న కొలపాత్రతో నూనె కొలిచి టాంకీలో పోసి, పిదప పెట్రోలు పట్టెడివాడు. ఈ నూనె యెందులకని అడిగినవారు మనలో తక్కువ. నేనును అడుగలేదు. అడుగనందులకు శిక్ష 1979 వేసవిలో తణుకు దాటిన తరువాత నాకు లభించినది. ఆనాడు కుఱ్ఱవాడు తొందరలో నూనె పోయుట మఱచెను. నేను ఎదుట నిలిచియుండియు చూడనైతిని. ఆఱు మైళ్లు పోవునప్పటికి ఇంజను ఒక్క మూలుగు మూలిగి బిగిసిపోయినది. వెనుక చక్రము తిరుగక రోడ్డుపై నల్లని గీత గీచినది. నేను క్రింద పడలేదు, అది దైవకృప. మేస్త్రీ సిలిండరు విప్పి, నాగటి చాళ్లవలె గీతలు పడిన పిస్టనును నా చేతిలో పెట్టి, "మాస్టారూ, దీనికి నూనె దాచుకునే చోటు లేదండీ. పెట్రోలుతో లోపలికెళ్లిందే దీని నూనె" అని చెప్పినాడు.

ఆ మాటలో ఒక యంత్రజాతి చరిత్ర అంతయు ఇమిడియున్నదని తెలిసికొనుటకు నాకు ముప్పది యేండ్లకు పైగా పట్టినది. 2011 లో మా అన్నగారి కుమారుని చూచుటకై అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునకు పోయియుంటిని. వాని యింటి వెనుక కొట్టములో నాలుగు లావు చక్రములు గల పొట్టి బండి యొకటి నిలిచియుండెను. దానిపై గుఱ్ఱముపై వలె ఎక్కి కూర్చుండవలెను. మోటారు సైకిలుకు వలె దానికిని హాండిలే కలదు. ఇట్టి బండ్లను అచట ఏ.టీ.వీ. లందురు, ఎట్టి నేలపైనైనను పోవు బండియని యర్థము. అది హోండా కంపెనీ వారి టి.ఆర్.ఎక్స్. 250 ఆర్ అను నమూనా. కంపెనీవారు దానిని 1989 తోడనే మానివేసిరి. అయినను మావాడు ఆదివారములందు దానితో మట్టిదిబ్బల పందెములకు పోవుచునేయుండెను. ఇరువదిరెండేండ్ల క్రిందట కన్నవారు వదలిన బిడ్డ పందెములో ఎట్లు పరుగిడుచున్నదని నాకు ఆశ్చర్యము కలిగెను. దానికి సమాధానమే నేటి నా ప్రసంగము.

ముందుగా ఇంజను సంగతి చెప్పవలెను. కారులలో నుండు సామాన్యమైన ఇంజనులో పిస్టను నాలుగు మార్లు కదలినచో ఒక్కమాఱు ఇంధనము మండును. రెండు కదలికలకే ఒకమాఱు మండునట్లు స్కాట్లండు దేశీయుడగు డుగాల్డ్ క్లెర్కు 1878 ప్రాంతమున ఒక ఇంజనును నిర్మించెను. కాని దానికి వేఱొక పంపు కావలసివచ్చెను. 1890 ప్రాంతమున ఇంగ్లండులోని బాత్ నగరవాసి జోసెఫ్ డే ఆ పంపును తీసివేసి, పిస్టను క్రిందనున్న పెట్టెనే కొలిమి తిత్తివలె వాడుకొనెను. పిస్టను పైకి పోవునప్పుడు తిత్తి గాలిని, ఇంధనమును పీల్చును. క్రిందికి దిగునప్పుడు దానిని ప్రక్కదారుల గుండ సిలిండరులోనికి నెట్టును. 1892 లో డే వద్ద పనిచేయు ఫ్రెడరిక్ కాక్ అనునాతడు పిస్టను అంచుచేతనే దారులు మూయుచు తెఱచుచు నుండునట్లు చేసి కవాటముల అవసరమును తొలగించెను. ఇక కదలునవి మూడే మిగిలినవి: పిస్టను, దాని కాడ, క్రాంకు. ఇంతకంటె సులభమైన ఇంజనును మానవుడు చేయలేదని నా అభిప్రాయము.

అయితే, తిత్తియైన పెట్టెలో నూనె నింపుట కుదరదు. కావున నూనె ఇంధనముతో కలిసి రావలెను; పని చేయుచు కాలిపోవలెను. ఇది మొదటి లోపము. రెండవ లోపము ఇంకను పెద్దది. కాలిన పొగ పోవు దారియు, క్రొత్త ఇంధనము వచ్చు దారియు ఒక్కసారే తెఱచియుండును గనుక, వచ్చిన ఇంధనములో కొంత కాలకయే పొగగొట్టము గుండ బయటికి పోవును.

ఈ రెండవ లోపమును గుణముగా మార్చినవాడు తూర్పు జర్మనీలోని చోపావు పట్టణమున ఎం.జడ్. మోటారు సైకిళ్ల కర్మాగారమున పనిచేసిన వాల్టరు కాడెన్. ఉబ్బెత్తు పొగగొట్టమును ఆతనికి ముందు డీ.కే.డబ్ల్యూ. కంపెనీలో ఎరిక్ వోల్ఫ్ వాడియుండెను గాని, దాని శాస్త్రమును సాధించినది కాడెనే. మన కాలువలో లాకు తలుపు హఠాత్తుగా మూసినచో నీటి అల తలుపునకు కొట్టుకొని వెనుకకు వచ్చుట మీరు చూచియుందురు. పొగగొట్టములోని అలయు అట్టిదే. గొట్టము క్రమముగా వెడల్పగుచోట వెనుకకు వచ్చు అల పొగను లాగును. మరల సన్నమగుచోట వెనుకకు వచ్చు అల, పాఱిపోవుచున్న ఇంధనమును తిరిగి సిలిండరులోనికి త్రోయును. కవాటము చేయవలసిన పనిని అల చేయుచున్నది! కొలతలు సరిపోయిననే ఇది జరుగును. కొంచెము తప్పినను అల వేళకు రాదు. 1961 నాటికి కాడెన్ 125 ఘన సెంటీమీటర్ల ఇంజనునుండి 25 గుఱ్ఱపు శక్తిని రాబట్టెను. అనగా ఒక లీటరునకు 200. గాలిని బలవంతముగా నింపు యంత్రము లేకుండ ఆ మేర శక్తిని అంతకు మున్నెవరును రాబట్టలేదు.

ఆ సంవత్సరమే ఆతని విద్య ఎల్లలు దాటెను. కాడెన్ బండిని నడుపు ఎర్న్‌స్ట్ డెగ్నర్, బెర్లిను గోడ లేచిన మఱుసటి నెలయగు సెప్టెంబరులో స్వీడను దేశపు పందెము ముగిసిన వెంటనే పశ్చిమమునకు తప్పించుకొని పోయెను. ఆతని భార్యాబిడ్డలును రహస్యముగా సరిహద్దు దాటిరి. ఆతడు జపానులోని సుజుకీ కంపెనీలో చేరెను. 1962 లో వారి 50 సి.సి. బండిపై ప్రపంచ విజేతయయ్యెను. గోడ వెనుక జీవించుచున్న మనుజునకు స్వేచ్ఛ కోరు హక్కు లేదని నేననను. అయినను చోపావులోని చిన్న గదిలో కూర్చున్న కాడెన్‌ను తలచినప్పుడు నా మనస్సు కలుక్కుమనును. కొలది యేండ్లలో జపాను కంపెనీలు ఉబ్బు గొట్టములు చేయసాగినవి.

ఇక బండి సంగతి. చలికాలమున మోటారు సైకిళ్లు అమ్ముడుపోవని అమెరికా వర్తకులు మొఱపెట్టుకొనగా, హోండా వారి ఇంజనీరు ఒసాము టకెయుచి బెలూనులవంటి మూడు చక్రముల బండిని సిద్ధపఱచెను. 1970 లో అది అంగడికి వచ్చెను. మొదట అది మెల్లని బండి. 1981 లో ఏ.టీ.సీ. 250 ఆర్ పేర రెండు స్ట్రోకుల పందెపు ఇంజనును మూడు చక్రములపై కూర్చుండబెట్టిరి. వేగము పెరిగెను, స్థిరత్వము పెరుగలేదు. ఆ బండి వెనుక ఇరుసు ఏకఖండము. రెండు చక్రములును ఒకే వేగమున తిరుగును. మలుపులో శరీరమును ఇటునటు వంచి బరువు మార్చుట నేర్వనివాడు బోల్తాపడును. అట్లు పడినవారు వందలకొలది చనిపోయిరి. వారిలో పదునాఱేండ్లు నిండని పిల్లలు అనేకులు. పిల్లల ఆటవస్తువని తలచి తండ్రులే కొనియిచ్చిన బండ్లవి.

సుజుకీవారు 1982 లోనే నాలుగు చక్రముల బండిని చూపియుండిరి. 1985 లో వారి ఎల్.టీ. 250 ఆర్, 1986 లో హోండావారి 250 ఆర్, 1987 లో యమహావారి బాన్షీ వచ్చినవి. బాన్షీకిని మనకును దూరపు చుట్టఱికము కలదు. 1983 నుండి కొన్నియేండ్లు మనదేశమున అమ్మిన రాజదూత్ 350 బండియు, బాన్షీయు యమహావారి ఒకే వంశములోనివి. రెండు సిలిండర్లు, 64 మిల్లీమీటర్ల బోరు, 54 మిల్లీమీటర్ల స్ట్రోకు, 347 సి.సి.; కొలతలు మాఱలేదు. రాజదూత్‌ది గాలిచే చల్లబడునది, బాన్షీది నీటిచే చల్లబడునది.

1988 లో అమెరికా ప్రభుత్వమునకును ఈ కంపెనీలకును న్యాయస్థానము ద్వారా ఒడంబడిక జరిగెను. దాని ప్రకారము క్రొత్త మూడు చక్రముల బండ్ల అమ్మకము ఆగెను. పదునాఱేండ్లలోపు పిల్లలకు పెద్ద బండ్లు తగవని హెచ్చరికలు పెట్టిరి, శిక్షణ యిచ్చిరి. నాలుగు చక్రముల పందెపు బండ్లను ఎవరును నిషేధింపలేదు. అయినను కంపెనీలకు భయము పట్టెను. హోండా 1989 తో, సుజుకీ 1992 తో విరమించినవి. బాన్షీ మాత్రము అమెరికాలో 2006 వరకు నిలిచినది. పందెగాండ్రు ఆ ఒడంబడికను నేటికిని తిట్టుదురు. పిల్లల చావులను లెక్కించిన పిమ్మట దానిని తప్పుపట్టుటకు నాకు నోరాడదు.

కంపెనీలు పోగా బండి పందెగాండ్ర చేతులలో మిగిలెను. పదునైదేండ్లపాటు పందెపు మార్పులన్నియు వారి కొట్టములలోను, చిన్న వర్కుషాపులలోను జరిగినవి. మావాని బండినే చూడుడు. ముందు చక్రముల చేతులను పొడిగించి, వెనుక ఇరుసును మార్చి వెడల్పును సుమారు 50 అంగుళములకు తెచ్చినాడు. మలుపులో పడకుండుటకు ఇదియే మొదటి మందు. అసలు పొగగొట్టమును తీసి కాడెన్ సూత్రముపై చేసిన వేఱొక గొట్టమును తగిలించినాడు. సిలిండరులోని దారులను ఆకురాయితో పెంచినారు. పొగ దారి పై యంచును పైకి జరిపినచో వేగము హెచ్చినప్పుడు శక్తి హెచ్చును. నెమ్మదిగా పోవునప్పుడు తగ్గును. ఒకచోట పెట్టినది మఱొకచోట తీసినదే. అత్యాశకు పోయి నెమ్మదిలో చచ్చిపోయిన సిలిండర్లు వాని కొట్టములో రెండు పడియున్నవి.

శక్తి పెంచిన కొలది సేవయు పెంచవలెను. స్పంజితో చేసిన గాలి జల్లెడను ప్రతి పందెము తరువాత కడిగి, ఆఱబెట్టి, అంటుకొను నూనె పట్టింపవలెను. దుమ్ము ఒక్క చిటికెడు లోపలికి పోయినను పిస్టను అఱుగును. నూనెను 32 పాళ్ల పెట్రోలునకు ఒక పాలు చొప్పున మావాడు కలుపును. బంకులో కాదు సుమా! గుఱుతులు గల సీసాతో తానే కొలిచి కలుపును. అది చూచి నేను తణుకు దారిని తలచుకొని నవ్వుకొంటిని.

అన్నిటికంటె నన్నాకర్షించినది గాలి పరీక్ష. ఇంజను దారులన్నియు మూసి, చదరపు అంగుళమునకు 6 పౌనుల ఒత్తిడితో గాలి నింపి, 6 నిమిషములు చూచును. ముల్లు దిగినచో ఎక్కడనో గాలి కాఱుచున్నదన్నమాట. అట్టి రంధ్రము గుండ గాలి అధికముగా లోపలికి వచ్చిన, ఇంధనము పలుచబడి వేడి మిక్కుటమై పిస్టను నెత్తి కరగి చిల్లు పడును. స్పార్కు ప్లగ్గును విప్పి రంగు చూచుటయు అందులకే. లేత గోధుమ వన్నె యున్న మేలు. తెల్లబడిన ఇంధనము పలుచన. నల్లగా తడిగానున్న చిక్కన. వైద్యుడు నాలుక చూచినట్లే! చలిగాలి చిక్కన, వేడిగాలి పలుచన గనుక కార్బురేటరులోని జెట్టులను ఋతువును బట్టి మార్చుచుండవలెను. ఉదయమున సరియైనది మధ్యాహ్నమునకు సరికాకపోవచ్చును.

టెన్నెసీ రాష్ట్రమున హరికేన్ మిల్స్ వద్ద లొరెట్టా లిన్ అను గాయని పేరనున్న క్షేత్రమున జాతీయ స్థాయి పందెములు జరుగుచుండును. అట్టి పందెములలో 250 ఆర్ చిరకాలము ముందుండెను. 2004 ప్రాంతమున యమహా, హోండా కంపెనీలు నాలుగు స్ట్రోకుల 450 సి.సి. పందెపు బండ్లతో తిరిగి వచ్చినవి. అవి నెమ్మదిలోనే బలము గలవి, నూనెను వేఱుగా దాచుకొనునవి, పొగ తక్కువ. కొలదికాలములోనే ముందు వరుసలన్నియు వానివైనవి. మన దేశమునందును 2000 నుండి వచ్చిన పొగ నిబంధనలచే రెండు స్ట్రోకుల బండ్లు ఒక్కొక్కటిగా ఆగిపోయినవి గదా! అటులే అచటను.

అయినను మావాడు దానిని వదలలేదు. కారణమడుగగా, "బాబాయ్, కొత్తదాని ఇంజను పాడైతే నా జీతం సరిపోదు. దీని పిస్టను ఒక్క సాయంత్రంలో నేనే మార్చుకుంటాను" అనెను. 250 ఆర్ సిలిండరులో పోత ఇనుప తొడుగుండును. అఱిగినచో కొంచెము బోరు పట్టించి, పెద్ద పిస్టను వేయవచ్చును. బోరు పట్టించిన ప్రతిసారియు గోడ పలుచనగును గనుక దానికిని ఒక హద్దు కలదు. నేను బయలుదేఱిన వారమున వాని సిలిండరు మూడవ బోరునకు పోయియుండెను. ఆ తొడుగులో ఇంకొక బోరునకు మాత్రమే లోహము మిగిలియుండునని మెషినిస్టు చెప్పగా, వాడు పాత సిలిండరొకటి ఎక్కడైన దొరకునేమోయని ఆ సాయంత్రమే స్నేహితులకు ఫోనులు చేయుచు కూర్చుండెను.