కోత ఆగినా ఆగని లెక్క: యూదుల 49 రాత్రుల ప్రార్థన

భద్రాచలం అడవి అంచున ఉన్న కోయ గూడేలలో కొత్త పంటకు ఒక నియమం ఉంది. కొత్తల పండుగ జరిపి, కొత్త ధాన్యాన్ని దేవతలకు, పెద్దలకు సమర్పించే వరకు ఆ గింజను ఇంట్లో తినరు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల విద్యార్థులలో చాలామందికి ఇది తెలిసిన విషయమే. దీనిని మనసులో ఉంచుకొని ఈ భాగాన్ని చదవండి. దూరదేశపు యూదుల ఆచారం ఒకటి మీకు సులభంగా అర్థమవుతుంది.

ఒమెర్ అంటే ఏమిటి?

ఒమెర్ అనేది ధాన్యాన్ని కొలిచే ప్రాచీన హెబ్రీ కొలత. పస్కా పండుగ నాటికి యెరూషలేము ప్రాంతంలో యవల కోత మొదలయ్యేది. తొలి పంటలో ఒక ఒమెర్‌ను దేవాలయంలో సమర్పించేవారు. అంతవరకు కొత్త ధాన్యం తినరాదని లేవీయకాండము 23వ అధ్యాయం విధించింది. ఆనాటి నుంచి ఏడు వారాలు లెక్కించి, 50వ రోజున కొత్త గోధుమలతో చేసిన రెండు రొట్టెలను అర్పించేవారు. అదే షవుఓత్, అంటే వారాల పండుగ. తెలుగు క్రైస్తవుల ద్వారా మనకు పరిచితమైన 'పెంతెకొస్తు' అనే మాట దీని గ్రీకు పేరే. దానికి 'యాభైయవది' అని అర్థం.

లెక్కించే విధానం

పస్కా రెండవ రాత్రి నుంచి 49 రాత్రులు లెక్క సాగుతుంది. చీకటి పడిన తరువాత నిలబడి, ఈ లెక్కను ఆజ్ఞాపించిన దేవుణ్ణి ముందుగా స్తుతిస్తారు. తరువాత ఆనాటి సంఖ్య చెబుతారు. ఉదాహరణకు, 10వ రాత్రి అయితే పది రోజులు, అనగా ఒక వారం మూడు రోజులు అని పలుకుతారు. దేవాలయం తిరిగి నిలవాలని కోరుకుంటారు. చాలామంది 67వ కీర్తన చదువుతారు. శీర్షికను మినహాయిస్తే అందులో ఏడు వచనాలు, 49 హెబ్రీ పదాలు ఉన్నాయి. రాత్రి మరచినవారు మరునాటి పగలు స్తుతివాక్యం లేకుండా లెక్కిస్తారు. పగలు కూడా తప్పితే, వాడుకలో ఉన్న నియమం ప్రకారం, మిగిలిన రాత్రులన్నీ స్తుతి లేకుండానే లెక్కించాలి.

చారిత్రక ప్రాధాన్యం

క్రీ.శ. 70లో రోమన్ సైన్యం దేవాలయాన్ని ధ్వంసం చేసింది. దానితో అర్పణ ఆగిపోయింది, కాని లెక్క ఆగలేదు. పొలంతో ముడిపడిన ఆచారాన్ని రబ్బీలు ఏ దేశంలోనైనా పలకగల ప్రార్థనగా నిలిపారు. ఐగుప్తు విముక్తి నుంచి సీనాయి వద్ద ధర్మశాస్త్రం పొందే వరకు సాగిన నిరీక్షణగా దానికి కొత్త అర్థం బలపడింది. 2వ శతాబ్దపు రబ్బీ అకీవా శిష్యులు ఈ రోజులలోనే మరణించారని తల్మూదు చెబుతుంది. అందుచేత ఈ కాలంలో వివాహాలు జరపరు. 33వ రోజున సడలింపు ఉంటుంది.

తెలుగు నేలపై కూడా యూదమతాన్ని ఆచరించేవారు ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ సమాజం 1980ల చివరి నుంచి ఈ మతాన్ని బహిరంగంగా అనుసరిస్తున్నది.

ఇక మన ప్రాంతానికి రండి. పోలవరం ప్రాజెక్టు కారణంగా 2014లో ఖమ్మం జిల్లా ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. పునరావాస కాలనీకి చేరిన కోయ కుటుంబం వెంట పాత పొలం రాదు. మరి పండుగ వస్తుందా? యూదులకు రాతలో ఉన్న శాస్త్రం తోడుగా నిలిచింది. కోయలకు ఆ బరువంతా పెద్దల జ్ఞాపకం మీదే ఉంది. ఈ తేడాను చరిత్ర విద్యార్థులుగా మీరు మరువకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీ ఊరిలో కోతతో ముడిపడిన ఒక ఆచారం గురించి పెద్దలను అడిగి పది వాక్యాలలో రాయండి. పొలం పోతే అందులో ఏది మిగులుతుందో చర్చించండి.