మెట్టు మెట్టుకీ ఒక ఊరు

2023 జులై 9న అమెరికాలోని సియాటిల్ నగరంలో మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటున్నాయి. తొలి రౌండ్‌లో 20వ పేరు మనది: నిమ్మల అర్జున్. ఎంచుకున్న జట్టు టొరంటో బ్లూ జేస్. ఫ్లోరిడాలోని టాంపా ప్రాంతంలో పెరిగిన ఈ తెలుగు కుటుంబం కుర్రాడికి అప్పటికి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. 30 లక్షల డాలర్లకు సంతకం చేశాడు.

ఏలూరులో, తాడేపల్లిగూడెంలో ఏ వీధికి వెళ్లినా పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్లు రెండు మూడైనా తగులుతాయి. ఆ ఇళ్లలో ఈ వార్త విని మురిసిపోయినవాళ్లకు ఓ అనుమానం రావడం సహజం. అంత డబ్బిచ్చి తీసుకున్నారు సరే, మరి మేజర్ లీగ్ మ్యాచ్‌ల్లో అబ్బాయి కనబడడేం?

ఐపీఎల్ వేలంలో అమ్ముడైన కుర్రాడు ఆ వేసవిలోనే పెద్ద ఆటగాళ్ల పక్కన కూర్చోవచ్చు. బేస్‌బాల్‌లో అది కుదరదు. కింద మైనర్ లీగ్‌లున్నాయి. శిక్షణ శిబిరం దగ్గర ఆడే రూకీ లీగ్ దాటితే సింగిల్-ఎ, ఆపైన హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ. ఒక్కో మెట్టు ఒక్కో ఊళ్లో ఉంటుంది. అర్జున్ 2024లో డునెడిన్‌లో సింగిల్-ఎ ఆడాడు, 2025లో వాంకూవర్ చేరి హై-ఎ ఆడాడు. చాలామంది ఈ మెట్ల మీదే ఆగిపోతారు. జీతాలూ అంతంతమాత్రమే. 2023లో ఆటగాళ్ల సంఘం ఒప్పందం కుదుర్చుకున్నాక కూడా ట్రిపుల్-ఎ ఆటగాడికి ఆ ఏడాది దక్కిన కనీస వేతనం 35,800 డాలర్లు. పై మెట్టెక్కి మేజర్ లీగ్‌లో అడుగుపెడితే అదే 2024లో 7,40,000 డాలర్లు.

అర్జున్‌ది షార్ట్‌స్టాప్ స్థానం, అంటే రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య కాపలా. పైకి వెళ్లేకొద్దీ షార్ట్‌స్టాప్‌లు కొందరు అవుట్‌ఫీల్డ్‌కు మారతారు. దాళ్వా కోతలయ్యాక కొల్లేటి పల్లెల్లో క్రికెట్ ఆడే కుర్రాళ్లలో ఒకడు చేపల చెరువు గట్టు దాకా వెళ్లి నిలబడతాడు చూడండి, గాల్లో లేచిన బంతి చెరువులో పడకుండా పట్టుకోవడానికి. అవుట్‌ఫీల్డర్ పనీ అదే. అలా మారినవాళ్లలో అందరికంటే పెద్ద పేరు మికీ మాంటిల్‌ది. ఈ నిచ్చెన ఎంత కఠినమో చెప్పడానికి ఆయన కథను మించింది నాకు కనబడలేదు.

మాంటిల్ ఓక్లహోమా రాష్ట్రంలోని కామర్స్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. తండ్రి సీసం, జింకు గనుల్లో కూలీ. 1949లో న్యూయార్క్ యాంకీస్ వాళ్లు సంతకం పెట్టించుకుని, అప్పట్లో అన్నిటికన్నా అడుగున ఉన్న క్లాస్-డి జట్టుకు పంపారు. మరుసటి ఏడాది 1950లో జాప్లిన్ ఊరి జట్టుకు షార్ట్‌స్టాప్‌గా ఆడుతూ 0.383 సగటుతో అదరగొట్టాడు. బంతిని విసరడంలో, అందుకోవడంలో చేసిన తప్పులు మాత్రం యాభై దాటాయి. 1951లో యాంకీస్ అతణ్ని అవుట్‌ఫీల్డ్‌లోని రైట్ ఫీల్డ్‌లో నిలబెట్టి నేరుగా మేజర్ లీగ్‌లోకి తీసుకున్నారు. పక్కనే సెంటర్ ఫీల్డ్‌లో, తన ఆఖరి సీజన్ ఆడుతున్న మేటి ఆటగాడు జో డిమాజియో. జులై వచ్చేసరికి పందొమ్మిదేళ్ల మాంటిల్ ఆట గాడి తప్పింది. కిందికి, కాన్సస్ సిటీకి పంపేశారు.

అక్కడా పరుగులు రాలేదు. ఇక ఆడలేనని తండ్రికి ఫోన్ చేశాడు. ఆయన కామర్స్ నుంచి కారేసుకుని కొడుకు దిగిన హోటల్‌కొచ్చాడు. ఓదారుస్తాడనుకుంటే, ఒక్క మాటా ఊరడింపుగా అనకుండా కొడుకు బట్టలు సంచీలో సర్దడం మొదలెట్టాడు. ఇంటికొచ్చి తనతోపాటు గనిలో పని చేసుకోమన్నాడు. కొడుకు ఏడ్చాడు, ఇంకొక్క అవకాశం ఇవ్వమని బతిమాలుకున్నాడు. ఆ తర్వాత పుంజుకున్నాడు. కాన్సస్ సిటీకి మొత్తం 40 మ్యాచ్‌లు ఆడి 11 హోమ్ రన్‌లు బాదాడు. ఆగస్టులో మళ్లీ పైకి పిలుపొచ్చింది. 1952లో ఆ తండ్రి నలభై ఏళ్లకే క్యాన్సర్‌తో పోయాడు. కొడుకు 536 హోమ్ రన్‌లతో, ఏడు వరల్డ్ సిరీస్ విజయాలతో ఆట ముగించాడు. అవన్నీ ఆ తండ్రి చూడలేకపోయాడే అన్న బాధ ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు కలుగుతుంది.

కామర్స్, జాప్లిన్, కాన్సస్ సిటీ. ఊళ్ల పేర్లు గమనించారా? తమ ఊరి జట్టుకు ఆడే కుర్రాణ్ని ఊరంతా చూడటానికొస్తుంది. వాడు పైకెళితే మా దగ్గర ఆడినవాడే అని ఆ ఊరు ఏళ్ల తరబడి చెప్పుకుంటుంది. ఈ ఏర్పాటు ఈనాటిది కాదు. 1920లలో మేజర్ లీగ్ జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్ అధికారి బ్రాంచ్ రికీ ఆటగాళ్లను కొనేంత డబ్బు లేక, చిన్న ఊళ్ల జట్లనే సొంతం చేసుకుని వాటిలో ఆటగాళ్లను పెంచాడు. 1940 నాటికి ఆ ఒక్క క్లబ్బు కిందే ముప్పైకి పైగా జట్లుండేవి. 2021లో మేజర్ లీగ్ వాళ్లు ఇలాంటి జట్లను 160 నుంచి 120కి తగ్గించారు. ఆ ఆలోచన బయటపడ్డప్పుడు వందమందికి పైగా అమెరికా కాంగ్రెస్ సభ్యులు వద్దంటూ లేఖ రాశారు. తమ ఊరి ఆట మీద వాళ్లకు అంత పట్టింపు.

అర్జున్ ఆడిన డునెడిన్ జనాభా ముప్పై ఆరు వేలు. తాడేపల్లిగూడెం జనాభా లక్ష దాటి చాలా కాలమైంది. 2025లో ఆంధ్రా ప్రీమియర్ లీగ్‌లో భీమవరం బుల్స్ పేరుతో ఒక జట్టు పుట్టినప్పుడు పశ్చిమ గోదావరిలో ఎంత సంతోషించామో! కానీ మ్యాచ్‌లన్నీ విశాఖలోనే జరిగాయి. భీమవరం పేరు పెట్టుకున్న జట్టును భీమవరం జనం టీవీలో చూసుకోవాల్సి వచ్చింది. ఇది సరైన పద్ధతి కాదు. భీమవరంలోనో ఏలూరులోనో మైదానం సిద్ధం చేసి, వచ్చే సీజన్‌లో కనీసం రెండు మ్యాచ్‌లు ఇక్కడ పెట్టమని ఆంధ్రా క్రికెట్ సంఘాన్ని కోరుతున్నాను. కొల్లేటి గట్టు మీద క్యాచ్‌లు పడుతున్న కుర్రాడికి మొదటి మెట్టు వాడి ఊరికి బస్సు దూరంలో ఉండాలి.