ఆఫీసు కుర్చీ: హోదా కోసమా, నడుము కోసమా?

మా చాంద్రాయణగుట్ట నుంచి చార్మినార్ వైపు వెళ్తే చౌమహల్లా ప్యాలెస్ ఉంటుంది. అక్కడి దర్బార్ హాల్లో పాలరాతి వేదిక చూశారా? నిజాం గద్దె వేసేది దాని మీదే. ఆ ఎత్తు హోదా కోసం, నడుము సుఖం కోసం కాదు.

ఆఫీసుల్లోనూ అదే లెక్క నడిచింది. పెద్దసారుకి ఎత్తు వీపున్న మెత్తటి కుర్చీ, రోజంతా కూర్చుని రాసే గుమాస్తాకి మామూలు కుర్చీ.

1994లో అమెరికాలో బిల్ స్టంఫ్, డాన్ చాడ్విక్ డిజైన్ చేసిన ఏరాన్ కుర్చీ ఈ లెక్క మార్చింది. అది మూడు సైజుల్లో వచ్చింది. హోదాని బట్టి కాదు, ఒంటిని బట్టి! ఫోమ్ బదులు గాలి ఆడే మెష్ పెట్టారు. మన పాత సర్కారీ ఆఫీసుల్లో కేన్ అల్లిన కుర్చీ చేసిన పని కూడా అదే కదా.

నేనూ సాఫ్ట్‌వేర్ జాబ్‌లో గంటల కొద్దీ కూర్చున్నవాణ్ణే. అందుకే చెప్తున్నా, "బాస్ చైర్" అనే పేరు చూసి కొనకండి. షాపులో కాసేపు కూర్చోండి. పాదాలు నేలకి ఆనాలి. మోకాలి వెనక రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. నడుము వంపుకి ఆసరా తగలాలి. సిలిండర్‌కి, చక్రాలకి వారంటీ ఎన్నేళ్లో అడగండి. ఎంత మంచి కుర్చీ అయినా మధ్యమధ్యలో లేచి నడవండి.