బొంతపై నిలిచిన చరిత్ర



చిరిగిన చీరలను, పాతపంచెలను పారవేయక, ముక్కలుగా కత్తిరించి బొంత కుట్టుట మన యిండ్లలో చిరకాలపు టాచారము. ఆ బొంతను పరచినచో, ఈ ముక్క అమ్మమ్మ చీరది, ఆ ముక్క తాతగారి తలపాగది యని గుర్తింపగలము. ఇట్లు విడివిడి ముక్కలను కూర్చి చిత్రము కల్పించు పద్ధతిని పాశ్చాత్యులు కొలాజ్ అందురు. 1912లో ఫ్రాన్సు దేశమున బ్రాక్, పికాసో అను చిత్రకారులు తమ చిత్రములపై కాగితపు ముక్కల నంటించిన పిమ్మట ఈ కళ ప్రసిద్ధి కెక్కెను. అంతకు పాతికేండ్లు ముందే అమెరికాలో ఒక స్త్రీ గుడ్డముక్కలతో ఇట్టి పని చేసి చూపెను.

ఆమె పేరు హారియట్ పవర్స్. ఆఫ్రికానుండి బలవంతముగా తేబడినవారి సంతతికి చెంది, 1837లో జార్జియా రాష్ట్రమున బానిసగా జన్మించెను. 1865లో బానిసత్వము తొలగినపిమ్మట ఆమె, భర్తయు కొలదిపాటి నేల సంపాదించి సేద్యము చేసికొనిరి.

1886లో ఆ రాష్ట్రమునందలి ఏథెన్స్ పట్టణపు ప్రత్తి ప్రదర్శనలో ఆమె కుట్టిన దుప్పటి యొకటి ఉంచబడెను. అందు 11 గడులు. మనుష్యుల, జంతువుల ఆకారములను గుడ్డలో కత్తిరించి, గడిగడికి ఒక బైబిలు కథను కుట్టెను. ఆఫ్రికాలోని దహోమీ దేశపు గుడ్డబొమ్మలతో ఈ పనిని పండితులు పోల్చిరి. జెన్నీ స్మిత్ అను చిత్రలేఖనోపాధ్యాయురాలు దానిని కొనగోరగా, ఏ వెలకును ఇయ్యనని ఆమె చెప్పెను. కొన్ని యేండ్లకు లేమి వచ్చెను. పది డాలర్లు అడిగి, చివరకు అయిదింటికే ఒప్పుకొని, దుప్పటిని ఒడిలో నుంచుకొని ఎడ్లబండిపై తెచ్చి యిచ్చెను. ఇచ్చునపుడు ప్రతి గడికి అర్థము విప్పి చెప్పగా, జెన్నీ స్మిత్ వ్రాసికొనెను. అటుపిమ్మట హారియట్ దానిని చూచుకొనుటకు పలుమారులు వచ్చెను.

ఆమెదే మరియొక దుప్పటి కలదు. అందు 15 గడులు. బైబిలు కథల నడుమ, 1780 మే 19వ తేదీన పట్టపగలు చీకటి క్రమ్ముటయు, 1833 నవంబరు 13వ తేదీన నక్షత్రములు రాలుటయు కుట్టబడినవి. మొదటిది ఆమె పుట్టుటకు 57 ఏండ్లు ముందటిది, రెండవది నాలుగేండ్లు ముందటిది. రెంటిని ఆమె కన్నులార చూడలేదు. పెద్దలు చెప్పుకొనగా విని యుండవలెను.

ఆమె 1910లో మరణించెను. ఆమె దుప్పట్లలో మనకు దక్కినవి ఈ రెండే. ఒకటి వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థలోను, రెండవది బోస్టను కళాప్రదర్శనశాలలోను భద్రముగా నున్నవి.

పెద్దలారా! దుప్పటి అమ్ముడుపోయెను గాని, అర్థము చెప్పి యిచ్చినందున ఆమె కథ పోలేదు. మన బొంతలలోని ముక్కలు ఎవరెవరివో తెలిసినవారు మీరే. మనుమలను, మనుమరాండ్రను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక్కొక్క ముక్కను చూపి చెప్పుడు. వ్రాయ నేర్చిన పిల్లవానిచే వ్రాయింపుడు.