అపరిచితుని ఉత్తరం, పొరుగువారి కథ: అమెరికా ఎన్నికల్లో అంతర్జాల ప్రచారం (2003-2008)

ఉపోద్ఘాతం

ఎన్నికల వేళ పుట్టే ప్రచార వాఙ్మయాన్ని సాహిత్య విద్యార్థులు సాధారణంగా పాఠంగానే చదువుతారు. నినాదంలోని ప్రాస, పాటలోని బాణీ, ప్రసంగంలోని అలంకారం పరిశీలనకు వస్తాయి. ఆ మాట ఎవరు ఎవరితో అన్నారు, వారిద్దరికీ ఉన్న సంబంధమేమిటి అన్న ప్రశ్నలు వెనుకబడతాయి. ఈ ప్రశ్నలకు ఎంతటి ప్రాధాన్యముందో అమెరికాలో అంతర్జాలం ఆధారంగా సాగిన తొలినాటి ప్రచారాలు రెండు తెలియజేస్తాయి. వాటిని పోల్చి చూడడం ఈ వ్యాసం లక్ష్యం.

డీన్ ప్రచారం: లేఖ

వెర్మాంట్ మాజీ గవర్నర్ హోవార్డ్ డీన్ 2004 అధ్యక్ష ఎన్నికకు డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వాన్ని ఆశించిన తొలినాళ్లలో ఆయన పేరు దేశానికి అంతగా తెలియదు. ఇరాక్ యుద్ధాన్ని ఆయన వ్యతిరేకించడం నచ్చిన పౌరులు 'మీటప్' అనే జాలస్థలి ద్వారా ఒకరినొకరు వెతుక్కొని, నెలకొకసారి తమ ఊళ్లలో సమావేశం కావడం మొదలుపెట్టారు. 2002లో ఏర్పడిన ఆ జాలస్థలి ఎన్నికల కోసం పుట్టినది కాదు. ఒకే అభిరుచి కలవారిని ఒకచోట చేర్చడం దాని పని. ప్రచార నిర్వాహకుడు జో ట్రిప్పీ ఈ కదలికను అదుపు చేయబూనక, దాన్నే ప్రచారానికి ఆధారం చేసుకొన్నాడు. చిన్న విరాళాలే ప్రధానంగా 2003 మూడో త్రైమాసికంలో కోటి 48 లక్షల డాలర్లు సమకూరాయి. ప్రభుత్వ ఎన్నికల నిధిని స్వీకరించాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఆ నవంబరులో డీన్ తన మద్దతుదారుల ఓటుకే వదిలాడు. 85 శాతం మంది వద్దన్నారు.

ఈ ప్రచారంలో సాహిత్య పరిశోధకులు గమనించదగిన అంశం ఒకటుంది. మీటప్ సమావేశాలకు వచ్చినవారు, తొలి పోటీ జరిగే అయోవా రాష్ట్ర ఓటర్లకు స్వదస్తూరితో వేల ఉత్తరాలు రాశారు. కొత్త మాధ్యమం చేరదీసిన మనుషులు చివరకు పాత ప్రక్రియనే ఆశ్రయించారు. లేఖ ఆత్మీయమైన ప్రక్రియ. అయితే ఆ ఆత్మీయత రాసినవారికీ అందుకొన్నవారికీ ముందునుంచీ ఉన్న పరిచయంపై ఆధారపడుతుంది. ఈ లేఖల్లో లేనిది ఆ పరిచయమే.

అయోవాలో ఎంపిక 'కాకస్' పద్ధతిలో సాగేది. పార్టీ మద్దతుదారులు సాయంత్రం తమ పేటలోని బడిలోనో చర్చిలోనో కూడి, నలుగురి ఎదుటా తమ అభ్యర్థి పక్షాన నిలబడేవారు. అంటే అది ఇరుగుపొరుగు చూస్తుండగా జరిగే ఎంపిక. డీన్ తరఫున బయటి రాష్ట్రాల కార్యకర్తలు నారింజ రంగు టోపీలతో వచ్చి తలుపులు తట్టారు. 2004 జనవరి 19న కెర్రీకి 38, ఎడ్వర్డ్స్‌కు 32, డీన్‌కు 18 శాతం మద్దతు లభించింది. ఫిబ్రవరి 18న డీన్ ప్రచారాన్ని విరమించాడు. ఈ ఓటమికి ప్రత్యర్థుల విమర్శలు, డీన్ గెలవగలడా అన్న సందేహం వంటి కారణాలు అనేకం. ఉత్తరాలే ఓడించాయనడం అతిశయోక్తి అవుతుంది. మద్దతుదారుల మధ్య అల్లుకొన్న బంధం ఓటరు గుమ్మం దాకా సాగలేదని మాత్రం చెప్పవచ్చు.

ఒబామా ప్రచారం: స్వీయకథనం

డీన్ వద్ద పనిచేసిన కొందరు యువకులు 2004లో 'బ్లూ స్టేట్ డిజిటల్' అనే సంస్థను స్థాపించారు. తరువాత ఒబామా ప్రచార జాలస్థలిని నిర్మించింది ఆ సంస్థే. సభ్యత్వం, విరాళం, సమావేశాల ఏర్పాటు వంటి సదుపాయాలు పాతవే. శిక్షణలో మార్పు వచ్చింది. సీజర్ చావెజ్ నాయకత్వంలోని వ్యవసాయ కార్మికోద్యమంలో పనిచేసిన మార్షల్ గాంజ్ 2007లో 'క్యాంప్ ఒబామా' శిక్షణ రూపకల్పనలో పాలుపంచుకొన్నాడు. నా కథ, మన కథ, ఇప్పటి కథ అన్న మూడంచెల కథనం ఆ శిక్షణకు మూలం. తాను ఈ పనికి ఎందుకు పూనుకొన్నదీ కార్యకర్త సొంత జీవితం నుంచి చెప్పాలి. ఎదుటివారి అనుభవాన్ని అందులో కలుపుకోవాలి. అయోవాలో పేటల బాధ్యత స్థానికులకే అప్పగించారు. 2008 జనవరి 3న అదే కాకస్‌లో ఒబామా 38 శాతంతో ప్రథమస్థానంలో నిలిచాడు. యువ ఓటర్లు పెద్ద సంఖ్యలో రావడం వంటి ఇతర కారణాలూ ఉన్నాయి. అయినా అపరిచితుని లేఖ స్థానంలో పొరుగువారి కథ వచ్చి చేరడం స్పష్టమైన మార్పు.

ముగింపు

ఈ పోలిక తెలుగు ప్రచార వాఙ్మయ అధ్యయనానికీ ఉపకరిస్తుంది. 1940లలో ప్రజానాట్యమండలి ప్రచారానికి వాడుకొన్న బుర్రకథలో కథకుని పక్కన హాస్యపు వంత, రాజకీయ వంత ఉంటారు. వంత అడిగే ప్రశ్న చాలాసార్లు శ్రోత మనసులోని ప్రశ్నే. ప్రచారంలో శ్రోతకు చోటిచ్చే నిర్మాణం మన ప్రక్రియలోనే ఉందన్నమాట. నేడు చరవాణికి వచ్చి, చదవకముందే మరొకరికి చేరిపోయే ప్రచార సందేశంలో ఆ చోటు ఎక్కడ? పౌరుడు విరాళమిచ్చేవాడుగా, సందేశాన్ని ముందుకు తోసేవాడుగా మాత్రమే మిగిలితే, సంఖ్యలో భాగస్వామ్యం పెరిగినా సంభాషణ తగ్గుతుంది. అందువల్ల ఇలాంటి సందేశాలను సేకరించే పరిశోధకులు పాఠంతో పాటు పంపినవారు, అందుకొన్నవారు, వారి పరిచయం, వచ్చిన జవాబు అన్న నాలుగు వివరాలనూ నమోదు చేయడం అవసరం. జవాబు రాని సందర్భం కూడా నమోదు చేయవలసిన సమాచారమే.